ఆమె గీసినంత వరకే

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రశ్నావళిలో ఒక భాగం ఉంది. అక్కడికి రాగానే సర్వేకి వచ్చిన మనిషి ఆగి చుట్టూ చూసుకోవాలి. గడప దగ్గర అత్తగారు కూర్చుని ఉందా, పక్క గదిలో భర్త ఉన్నాడా, చేటో జల్లెడో అడిగే నెపంతో పొరుగింటామె వచ్చి నిలబడిందా అని గమనించుకోవాలి. చాటు దొరక్కపోతే ఆ ప్రశ్నలు అడగనే కూడదు. ఇంట్లో ఎందరు ఆడవాళ్ళున్నా ఒక్కరినే అడగాలి. మధ్యలో ఎవరైనా వస్తే ఆపేయాలి. ఇంటి నాలుగు గోడల మధ్య జరిగే హింస గురించిన భాగమది.

అంత జాగ్రత్తగా అడిగితే తేలిన లెక్క ఇది. 2019–21 నాటి సర్వేలో, పెళ్ళయిన 18–49 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మంది భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు హింసకు గురయ్యామన్నారు. శారీరకంగానో లైంగికంగానో హింసను ఎదుర్కొన్న వాళ్ళలో సాయం కోసం ఎవరినైనా ఆశ్రయించింది నూటికి 14 మందే. 77 మంది సాయం అడగలేదు సరికదా, ఎవరితోనూ ఒక్క మాటైనా చెప్పుకోలేదు.

ఈ 77 దగ్గర కాస్త ఆలోచించాలి. కన్నతల్లికి చెప్పలేదు, తోడబుట్టినదానికి చెప్పలేదు, రోజూ కలిసి కూలికి వెళ్ళే మనిషికీ చెప్పలేదు. మొట్టమొదటిసారి పెదవి దాటిన ఆ మాటను విన్నది ముక్కూ మొహం తెలియని సర్వే మనిషి. ఆమె విని, ఒక అంకె నమోదు చేసుకుని, తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయింది. అందులో ఆమె తప్పేమీ లేదు. చట్టాలకూ బడ్జెట్లకూ ఆ అంకెలే ఆధారం. అవి లేకపోతే ఇదంతా ఎక్కడో ఒక ఇంటి గొడవ అని కొట్టిపారేసేవాళ్ళకు అడ్డు ఉండదు. అయితే అవునన్న ఆ స్త్రీ మర్నాడు పొద్దున్నే లేచి పొయ్యి ఎలా వెలిగించిందో, పిల్లాడికి జడుపు తెలియకుండా ఏ కథ చెప్పి బడికి పంపిందో ఆ అంకె చెప్పదు. చెప్పాలని దాన్ని అడగడమూ న్యాయం కాదు.

తెలుగు నేల మీద ఇంకో విచారణ పత్రం ఉంది. అప్పుల బాధతో రైతు ప్రాణం తీసుకుంటే ఆ కుటుంబానికి పరిహారం ఇచ్చేందుకు ఉమ్మడి రాష్ట్రంలో 2004లో 421 నంబరు జీవో వచ్చింది. మండల స్థాయి కమిటీ వచ్చి విచారిస్తుంది. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం నివేదిక, పట్టాదారు పాసుపుస్తకం, అప్పు పత్రాలు చూపించమంటుంది. కౌలురైతు ఇంట్లో పాసుపుస్తకం ఉండదు. ఊళ్ళో వడ్డీకి తెచ్చిన అప్పుకు చాలాసార్లు చీటీ ముక్క కూడా ఉండదు. గుమ్మంలో నిలబడి భార్య చెప్పాల్సిన జవాబులన్నీ పోయిన మనిషి గురించే. అప్పిచ్చినవాడు ఇప్పుడు ఎవరి ఇంటి ముందు నిలబడుతున్నాడు, మర్నాటి నుంచి సేద్యం ఎవరు చేశారు, పెళ్ళికెదిగిన పిల్ల చదువు ఏమైంది అని అడిగే వరుస ఆ కాగితంలో కనిపించదు. విచారణ ముగిసేసరికి ఆమె తన భర్త చావుకు సాక్షిగా మిగులుతుంది తప్ప తన బతుకుకు సాక్షి కాదు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని చెప్పి పెంచిన ఆడపిల్లలు వీళ్ళు. ఇంటిగుట్టు లంకకు చేటని విని పెరిగిన వాళ్ళు. సూటిగా అడిగే ప్రశ్న వాళ్ళ నోరు విప్పించకపోగా ఉన్న మాటను కూడా గొంతులోకి నెట్టేస్తుంది. అందుకే కొందరు వైద్యులు, సామాజిక కార్యకర్తలు, పరిశోధకులు ప్రశ్నావళిని కాసేపు పక్కనపెట్టి కుంచె, సూదీదారం, కెమెరా వాళ్ళ చేతికిచ్చి చూశారు. ఇది విదేశాల నుంచి దిగుమతి అయిన వేడుక అనుకునేవాళ్ళూ, ఇదే అన్నిటికీ మందు అనుకునేవాళ్ళూ ఇద్దరూ ఉన్నారు. జరిగిన రెండు సంగతులు చూస్తే అసలు విషయం తేటపడుతుంది.

మొదటిది చిలీ దేశపు కథ. 1973 సెప్టెంబరు 11న అక్కడ సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని కూల్చింది. జనరల్ పినోచెట్ నియంతృత్వంలో 3 వేల మందికి పైగా హతులో, ఆచూకీ లేనివాళ్ళో అయ్యారని తర్వాతి ప్రభుత్వాలు వేసిన కమిషన్లు తేల్చాయి. ఆ రోజుల్లో మాత్రం భర్త కోసమో కొడుకు కోసమో జైలు నుంచి జైలుకు, ఆసుపత్రి నుంచి శవాగారానికి తిరిగే ఆడవాళ్ళకు దొరికిన జవాబు ఒక్కటే. అలాంటి మనిషిని మేం పట్టుకోలేదు, పొమ్మన్నారు. మగదిక్కు పోయింది, కూలి పోయింది, నలుగురిలో ఏడిస్తే ప్రమాదం. రాజధాని శాంటియాగోలో చర్చి అండతో ఈ స్త్రీలు వారం వారం ఒకచోట చేరి గుడ్డపీలికలు కుట్టడం మొదలుపెట్టారు. 1976లో కార్డినల్ రౌల్ సిల్వా ఎన్రికెస్ స్థాపించిన సంఘీభావ విభాగం వాళ్ళకు చోటిచ్చింది, వాళ్ళు కుట్టినవాటిని కొని విదేశాలకు పంపింది. వాటిని అర్పియేరాలంటారు.

ఒక అర్పియేరాను దగ్గరగా చూద్దాం. మూరెడు పొడుగున్న గోనెగుడ్డ. పైభాగాన ముదురు రంగు పీలికలతో ఆండీస్ కొండలు, ఒక మూలన పసుపుపచ్చ సూర్యుడు. కింద ఎరుపూ నీలమూ ఇళ్ళు వరుసగా. గుడ్డ కూరి కుట్టిన బుజ్జి మనుషులు గోనె మీద నుంచి కాస్త ముందుకు పొడుచుకు వచ్చి నిలబడతారు. వాళ్ళ చేతుల్లో ‘వాళ్ళెక్కడ?’ అని రాసిన గుడ్డ. అంచు చుట్టూ ఊలుదారంతో అల్లిక. పిల్లల గదిలో తగిలించుకోవచ్చనిపించేంత కళగా ఉంటుంది. దగ్గరికి వెళ్ళాకగానీ వీధి చివర నిలబడ్డ పోలీసు వ్యాను కనబడదు. కొన్నిటికి వెనక చిన్న జేబు కుట్టి, అందులో చీటీ పెట్టేవారు. కొన్నిటిలో వాడిన పీలికలు కనిపించకుండా పోయిన మనిషి చొక్కావే.

ఆడవాళ్ళ కుట్టుపనిలో రాజకీయం ఏముంటుందని సైన్యం మొదట్లో పట్టించుకోలేదు. పట్టించుకునేసరికి అవి సముద్రాలు దాటాయి. పత్రికలు నోరు మూసుకున్న కాలంలో ఆ దేశంలో ఏం జరుగుతోందో బయటి ప్రపంచానికి చెప్పిన సాక్ష్యాల్లో ఈ గోనెగుడ్డలూ ఉన్నాయి. వాటిలో మాయమైన మనుషులే కాదు, వాడలో మూతపడ్డ ఫ్యాక్టరీ ఉంది, ఆగిపోయిన కుళాయి ఉంది, ఇల్లిల్లూ తలా ఇంత వేసుకుని వీధిలో వండుకున్న ఉమ్మడి వంటా ఉంది. ఆర్థిక అద్భుతమని ఏలినవారు గొప్పలు చెప్పుకుంటున్న రోజుల్లో, వాడలో పొయ్యి ఎలా వెలుగుతోందో ఆ బొమ్మలు చూపించాయి. ఆకలి గురించి ఆ ఆడవాళ్ళను ఎవరూ అడగలేదు. అడగకుండానే చెప్పారు.

రెండోది దక్షిణాఫ్రికాది. కేప్‌టౌన్ శివార్లలో ఖయెలిత్షా అనే పెద్ద పేదవాడ ఉంది. 2000 తర్వాతి మొదటి సంవత్సరాల్లో ఆ దేశంలో ఎయిడ్స్ విలయం. వైరస్సే ఎయిడ్స్‌కు కారణమా అని దేశాధ్యక్షుడు థాబో ఎంబెకి అనుమానాలు లేవదీస్తున్న కాలం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు అందని ఆ సమయంలో అంతర్జాతీయ వైద్య సేవా సంస్థ ఎంఎస్‌ఎఫ్ వైద్యులు ఖయెలిత్షాలో చికిత్స మొదలుపెట్టారు. అక్కడ చికిత్స పొందుతున్న స్త్రీలతో 2002లో జేన్ సాలమన్ అనే చిత్రకారిణి ఒక పని చేయించారు. దానికి తర్వాత శరీర పటాలని పేరు వచ్చింది.

నేల మీద మనిషంత కాగితం పరుస్తారు. ఒకామె దాని మీద తనకు నచ్చిన భంగిమలో పడుకుంటుంది. తోటి స్త్రీ ఆమె చుట్టూ గీత గీస్తుంది. ఆ రూపం వెనకాల నీడలా ఇంకొకరి రూపాన్ని కూడా గీస్తారు, ఆమెకు దన్నుగా నిలిచిన మనిషికి గుర్తుగా. ఇక ఆ గీత లోపలి చోటంతా ఆమెదే. పుట్టుకతో వచ్చిన మచ్చ, కాన్పు కోత, ఎవరో కొట్టిన దెబ్బ, అన్నీ ఎక్కడివక్కడ పెట్టుకుంటుంది. ఒంట్లో తన బలం ఎక్కడుందనుకుంటోందో అక్కడ గుర్తు పెడుతుంది. కంటికి కనబడని వైరస్‌ను ఎవరి ఊహకు తోచినట్టు వాళ్ళు గీశారు. అరచేతులకూ అరికాళ్ళకూ రంగు పూసి అచ్చు వేశారు. 2003లో ఆ పటాలూ, వాటి పక్కన ఆ స్త్రీలు చెప్పిన మాటలూ కలిసి ‘లాంగ్ లైఫ్’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. రచయితల్లో మనస్తత్వవేత్త జొనాథన్ మోర్గన్‌తో పాటు ఆ స్త్రీల బృందం బంబనాని పేరు కూడా ఉంది.

మందు ఎప్పుడు వేసుకున్నావు, ఎన్ని మాత్రలు మిగిలాయి అని అడిగే డాక్టరుకు ఈ పటం ఇంకో సంగతి చెబుతుంది. ఆమె తన జబ్బును ఏ రూపంలో చూస్తోంది, అది తనను తినేస్తోందనుకుంటోందా, తాను దాన్ని అదుపులో పెట్టాననుకుంటోందా, ఇంట్లో ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు. ఇవి తెలియకుండా జీవితాంతం వాడాల్సిన మందు గురించి ఆమెతో మాట్లాడటం కష్టం.

నోటికి రానిది చేతికి ఎలా వస్తుంది? ఇందులో మాయ ఏమీ లేదు. ముఖాముఖి కూర్చున్నప్పుడు అడిగేవారి కళ్ళు ఆమె ముఖం మీద ఉంటాయి. కుట్టేటప్పుడు, గీసేటప్పుడు ఇద్దరి కళ్ళూ గుడ్డ మీదో కాగితం మీదో ఉంటాయి. సిగ్గు సగం అక్కడే తగ్గుతుంది. ప్రశ్నకు వెంటనే జవాబివ్వాలి. బొమ్మకు తొందర లేదు. కొండలు ముందు కుట్టి, పోలీసు వ్యాను నెల తర్వాత కుట్టొచ్చు. కుట్టి విప్పెయ్యనూ వచ్చు. ప్రశ్నావళి తన వరుసలో నడుస్తుంది, పెళ్ళెప్పుడు, పిల్లలెందరు, కొట్టాడా లేదా అని. బొమ్మకు మొదలెక్కడో ఆమే నిర్ణయిస్తుంది. పెళ్ళి దగ్గర కాకుండా తాను వదిలేసి వచ్చిన పుట్టింటి మామిడిచెట్టు దగ్గర మొదలుపెట్టినా వద్దనేవాళ్ళు లేరు. పైగా పక్కన మరో నలుగురు అదే పనిలో ఉంటారు. ఒకామె గుడ్డ మీద తన గోడు చూసుకున్న ఇంకొకామెకు, ఇది నా తలరాత ఒక్కదానిదే కాదన్నమాట అని తెలిసివస్తుంది.

వీటన్నిటికీ మించినది ఇంకొకటి ఉంది, దాని గురించే తక్కువగా మాట్లాడుకుంటాం. బొమ్మలో ఖాళీ వదలొచ్చు. ప్రశ్నకు జవాబివ్వకపోతే అది మొండితనం కిందో దాపరికం కిందో జమ అవుతుంది. శరీర పటంలో ఒకచోట రంగు వేయకుండా వదిలేస్తే అది కూడా బొమ్మలో భాగమే. కళ ఆమె చేత ఎక్కువ చెప్పిస్తుందని దాన్ని మెచ్చుకుంటారు. ఎంత చెప్పాలో, ఎక్కడ ఆపాలో అన్న పగ్గం ఆమె చేతిలో ఉంచుతుందనే దాన్ని మెచ్చుకోవాలి.

ఈ సంగతి మన ఆడవాళ్ళకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. మధ్యాహ్నం మగవాళ్ళ భోజనాలయ్యాక పెరటి వసారాలో చేరి పాడుకున్న రామాయణపు పాటల్లో వాళ్ళు చేసింది ఇదే. వెల్చేరు నారాయణరావు 1991లో వెలువడిన తన ప్రసిద్ధ వ్యాసంలో ఈ పాటలను దగ్గరగా పరిశీలించారు. వాటిలో యుద్ధకాండ చప్పున తేలిపోతుంది. కౌసల్య వేవిళ్ళు, పురిటి నొప్పులు, అత్తాకోడళ్ళ పట్టింపులు, పద్నాలుగేళ్ళు ఒంటరిగా సాగిన ఊర్మిళ నిద్ర మాత్రం తీరిగ్గా సాగుతాయి. తన అత్తగారి గురించి ఒక్క మాట అనలేని కోడలు కౌసల్య గురించి, కైక గురించి ఎంతైనా పాడొచ్చు. ఎవరూ పట్టుకోలేరు. నాట్లేస్తూ, తిరగలి తిప్పుతూ పాడుకున్న శ్రామిక స్త్రీల పాటల్లో పాత్రలు వేరు, బాధలు వేరు, దారి మాత్రం అదే. చెప్పుకోలేని సొంత కష్టాన్ని సీత పేరు మీద చెప్పుకున్నారు.

ఆ పాటల్లో ఒక కథ ఈ చర్చకే పుట్టిందా అన్నట్టు ఉంటుంది. లంక నుంచి వచ్చి సీత అయోధ్యలో ఉన్నప్పుడు శూర్పణఖ మారువేషంలో వస్తుంది. రావణుడి బొమ్మ గీసి చూపించమని అడుగుతుంది. అతని ముఖం నేను చూడలేదు, కాళ్ళ వైపే చూశానంటుంది సీత. అయితే ఆ కాలే గీయమంటుంది శూర్పణఖ. సీత కాలి బొటనవేలు గీసి ఇస్తుంది. శూర్పణఖ ఆ వేలు పట్టుకుని మిగతా రావణుణ్ణంతా తానే పూర్తి చేస్తుంది, బ్రహ్మను అడిగి ప్రాణం పోయిస్తుంది, తెచ్చి సీత ముందు పడేసి పోతుంది. ఆ బొమ్మ సీతను వదలదు. ఇంటి ఆడవాళ్ళంతా కలిసి దాన్ని వదిలించబోయినా వల్లకాదు. చివరికి పడక కింద దాచిన ఆ బొమ్మ రాముడి కంట పడుతుంది. సీత అడవి పాలవుతుంది.

సీత అబద్ధం గీయలేదు. చూసినంతే గీసింది, చూసిన చోట ఆగింది. ఆమె కొంప ముంచింది ఆమె గీసిన వేలు కాదు, ఆమె గీయని మిగతా శరీరం. అడిగినవారికి అవసరమైన బొమ్మ వేరే ఉంది, అది ఆమె పేరు మీద చెలామణి అయింది. మూటగట్టుకున్న నింద మాత్రం ఆమెది. ఈ పాట కట్టిన ఆడవాళ్ళు ఎవరో మనకు తెలియదు. బొమ్మ వేయించేవాళ్ళ గురించి మాత్రం వాళ్ళు బాగా ఎరుగుదురు.

బలహీన వర్గాల స్త్రీల చేత బొమ్మలు గీయించి, ఫొటోలు తీయించి, కథలు చెప్పించే పని ఇప్పుడు స్వచ్ఛంద సంస్థల్లో, విశ్వవిద్యాలయాల్లో బాగా పెరిగింది. చాలామంది మంచి మనసుతోనే చేస్తున్నారు. అయినా పూర్తి చేసే చెయ్యి ఎక్కడినుంచో వస్తూనే ఉంటుంది. నిధులిచ్చేవారికి పంపే నివేదికలో చిత్రం పక్కన ఒక వాక్యం కావాలి. మొదట చీకటి, చివర వెలుగు ఉన్న కథ కావాలి. ఆమె గీసింది ఒక గది, ఒక గొళ్ళెం అయితే కింద మనం బందీ అని రాసేస్తాం. ఆ గొళ్ళెం లోపల పెట్టుకునేదో, బయట పెట్టేదో ఆమెను అడగం. కన్నీళ్ళ బొమ్మ గోడకెక్కుతుంది, నవ్వే బొమ్మ సంచిలోనే ఉండిపోతుంది. బీడీలు చుట్టే ఆమె తన వేళ్ళ నొప్పి గీయకుండా కొత్తగా కొనుక్కున్న స్కూటీ గీస్తే, కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి వచ్చిన ఆమె అరబ్బు ఇంటి వంటగది గీయకుండా తాను కట్టించిన డాబా గీస్తే, సబ్జెక్టు తప్పిందని మనకు లోలోపల నిరాశ కలుగుతుంది. ఆ నిరాశలోనే శూర్పణఖ ఉంది.

చిలీ స్త్రీలకూ ఈ చిక్కు తప్పలేదు. బతుకుదెరువుగా కుట్టే గుడ్డ కొనేవాళ్ళ ఇష్టాన్ని కొంత పట్టించుకోక తప్పదు. నియంత దిగిపోయి ప్రపంచం చూపు వేరే చోటికి మళ్ళాక చాలా అర్పియేరాల్లో పోలీసు వ్యాన్లు తగ్గి, పంటలూ పండగలూ పెరిగాయి. అమ్ముడుపోయే దుఃఖానికి ఒక కాలం, అమ్ముడుపోయే సంతోషానికి ఇంకో కాలం. ఆ కుట్టిన మనిషికి అప్పుడూ ఇప్పుడూ ఏమనిపించిందో తెలియాలంటే మళ్ళీ ఆమెనే అడగాలి.

పగ్గం వాళ్ళ చేతిలోనే ఉంచిన మంచి ఉదాహరణలు మన దేశంలోనూ ఉన్నాయి. బీహార్ మధుబని జిల్లా రాంటి గ్రామానికి చెందిన దులారీ దేవి చేపలు పట్టే మల్లా కులంలో పుట్టారు. పొలాల్లో కూలి చేశారు, పేరున్న చిత్రకారుల ఇంట్లో అంట్లు తోమారు. అక్కడే మిథిలా చిత్రకళ నేర్చుకున్నారు. 2010లో చెన్నైలోని తారా బుక్స్ ఆమె జీవిత కథను ఆమె బొమ్మలతోనే పుస్తకంగా తెచ్చింది. అక్షరం రాని ఆమె పేరు అట్ట మీద రచయిత్రిగా ఉంది. 2021లో పద్మశ్రీ వచ్చింది. ఇళ్ళల్లో పనిచేసే స్త్రీల బతుకు మీద ఎన్నో అధ్యయనాలు ఉండొచ్చు. అంట్లు తోముతూ గోడ మీది గీతలను చూసిన కళ్ళు ఆమెవి, వాటి కథ చెప్పిందీ ఆమే.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు 1990ల చివరి నుంచే వీడియో కెమెరా పట్టారు. 2008లో మాచునూరులో సంఘం రేడియో నడపడం మొదలుపెట్టారు. తమ విత్తనాల గురించి, తమ పంటల గురించి తామే తీసిన చిత్రాలు దేశదేశాల్లో చూపించారు. కెమెరా కోణాలకు వాళ్ళు పెట్టుకున్న పేర్లు ప్రసిద్ధం. ఒకరు ఎత్తునా మరొకరు పల్లానా కనిపించే కోణాలకు పటేలు పేరూ, బానిస పేరూ పెట్టారు. ఎదుటి మనిషి కంటి ఎత్తున కెమెరా పట్టి తీసేది సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే నేల మీద కూర్చుంటారు గనుక. ఆడవాళ్ళ బతుకులను చిత్రించబోయే ఎవరికైనా కెమెరా ఏ ఎత్తున ఉండాలో ఇంతకంటే సూటిగా చెప్పిన పాఠం లేదు.

కాబట్టి ఈ పనికి దిగేవారు ముందే తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. గీసిన బొమ్మ ఎవరిది? ఆమెదే అయితే, ప్రదర్శన అయిపోయాక అది ఆమె ఇంటికి చేరాలి, లేదా ఆమె ఒప్పుకున్న చోట ఉండాలి. అమ్మితే డబ్బు ఆమెకు రావాలి. పేరు వేయాలా, దాచాలా అన్నది కూడా ఆమె మాటే. ఒకామెకు పేరు పడటం గౌరవం, ఇంకొకామెకు అదే ముప్పు. మన ఊళ్ళు చిన్నవి. చీర రంగు, గుమ్మం ముందు వేపచెట్టు చూసి ఫలానా వారి కోడలని పోల్చుకోగల వాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. ఈ రోజు సరేనన్న మనిషి రేపు వద్దంటే వద్దే. బొమ్మ కింద రాసే మాట ఆమెకు చదివి వినిపించి, అవునన్నాకే రాయాలి. ఇవి పెద్ద సిద్ధాంతాలేమీ కావు. పెద్దింటి మనిషి బొమ్మ అయితే మనం అడగకుండానే పాటించే మర్యాదలివి.

ఇంకో విషయం ఉంది, అది అన్నిటికంటే బరువైనది. ఖయెలిత్షాలో శరీర పటం పక్కన మందు ఉంది. ఆ స్త్రీలు తమ ఒంటిమీద బలాన్ని గుర్తుపెట్టుకోగలిగారంటే చికిత్స అందుతోంది గనుక. అది లేకుండా అదే కాగితం పరిచి పడుకోమంటే తన శవానికి తానే గీత గీయించుకున్నట్టుండేది. శాంటియాగోలో గోనెగుడ్డ పక్కన రొట్టె ఉంది, న్యాయవాదులూ ఉన్నారు. అర్పియేరా అమ్మగా వచ్చిన డబ్బుతో ఇంట్లో పొయ్యి వెలిగింది. అదే చర్చి విభాగంలోని లాయర్లు అదృశ్యమైన వారి కోసం వేల సంఖ్యలో కోర్టుల్లో అర్జీలు వేశారు. కోర్టులు వాటిని తోసిపుచ్చుతూ పోయినా, ఆ కాగితాలే తర్వాతి విచారణలకు ఆధారమయ్యాయి. రెండుచోట్లా బొమ్మ ఒంటరిగా నిలబడలేదు.

ఆమె వదిలేసిన ఖాళీని నింపాలనే ఉబలాటం మనకు నిజంగా ఉంటే నింపాల్సింది కాగితం మీద కాదు, బతుకులో. 2015 నుంచి ప్రతి జిల్లాలోనూ పెడుతూ వస్తున్న సఖి కేంద్రాల్లో వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కొద్దిరోజుల ఆశ్రయం ఒకేచోట దొరకాలన్నది ఉద్దేశం. 181 నంబరుకు ఎప్పుడైనా ఫోను చేయొచ్చు. ఊరూరా మహిళా సంఘాలున్నాయి, అంగన్‌వాడీలున్నాయి. ఇక్కడ ఒక మధ్యాహ్నం పూట, తలుపు వేసుకునే గదిలో, కాసిన్ని రంగులూ కాగితాలూ పెట్టి కూర్చోబెట్టడం కష్టమేమీ కాదు. ఖర్చూ కాదు. అసలు ఖర్చు ఆ తర్వాత మొదలవుతుంది. ఆమె గీసిన గొళ్ళెం బయటి నుంచి వేసేదని తేలితే ఆ రాత్రి ఆమెకు పడుకునే చోటు చూపాలి. ఆమె గీసింది దెబ్బ అయితే డాక్టరు సర్టిఫికెట్ నుంచి కోర్టు వాయిదా దాకా తోడు వెళ్ళే మనిషి ఉండాలి. ఆమె అప్పు గీస్తే ఆ అప్పు గురించి బ్యాంకు మేనేజరుతో మాట్లాడేవారు ఉండాలి. ఏమీ గీయకుండా కాగితం తిరిగి ఇచ్చేస్తే, వచ్చే వారం కూడా ఆ తలుపు ఆమెకు తెరిచే ఉండాలి.

అంతవరకూ వెళ్ళే ఓపిక, తాహతు ఉన్నవాళ్ళు ఈ పని చేయాలి, ఇంకా ఎక్కువగా చేయాలి. హింస ఎదుర్కొన్నవాళ్ళలో నూటికి 77 మంది నోరు మూసుకున్న దేశంలో దీని అవసరం చాలా ఉంది. గోడ మీద వేలాడదీయడానికి నాలుగు బొమ్మలు, నివేదికకు రెండు కన్నీటి కథలు చాలనుకునేవాళ్ళు మాత్రం ఆమె చేతికి కుంచె ఇవ్వకపోవడమే మర్యాద.